దేవుడికి బాధ తెలుసునా?

కష్టంలో ఉన్న మనిషి దేవుణ్ణి అడిగే ప్రశ్నలు నిజానికి రెండే. ఈ బాధ నాకెందుకు పెట్టావు అన్నది ఒకటి. నా బాధ నీకు తెలుసునా అన్నది రెండోది. మొదటి ప్రశ్నమీద మన దేశంలోనూ, ఇతర దేశాల్లోనూ కావలసినన్ని గ్రంథాలు వెలువడ్డాయి. పూర్వకర్మ అన్నారు, లీల అన్నారు, ఆదిపాపమన్నారు, పరీక్ష అన్నారు. సమాధానాలు చెప్పేవారు సాధారణంగా భోజనం చేసి తీరికగా కూర్చున్నవారు గనుక ఆ సమాధానాలు పొందికగా కూడా ఉంటాయి. రెండో ప్రశ్నను పండితులు అంతగా పట్టించుకోలేదు. సర్వజ్ఞుడికి తెలియనిదేముంటుంది అని తోసివేశారు. నా ఉద్దేశంలో అసలు చిక్కంతా అక్కడే ఉన్నది.

తెలియటం అనే మాటను మనం రెండు అర్థాల్లో వాడతాం. ఫలానావాడు జ్వరంతో పడి ఉన్నాడని పొరుగింటివాడికి తెలుసు. జ్వరమంటే ఏమిటో పడి ఉన్నవాడికి తెలుసు. కష్టసుఖాలు ఎరిగిన మనిషి అని పల్లెటూళ్లలో అంటారు. కష్టాలను గురించి చదివినవాణ్ణి ఎవరూ అలా అనరు. గొడ్రాలికేం తెలుసు పురిటినొప్పులు అనే సామెత క్రూరమైనదే, నోట పలకటానికి మనసొప్పదు. కాని ఎరుకను గురించి అందులో ఉన్న మాట కాదనలేనిది. అనుభవం లేని తెలివి సమాచారం అవుతుంది, అంతే.

మొదటి అర్థంలో దేవుడికి సర్వమూ తెలుసు. మన తలవెంట్రుకలు కూడా ఆయన లెక్కలో ఉన్నాయని క్రైస్తవుల విశ్వాసం. కాని రెండో అర్థంలో తెలియాలంటే ఆకలివేసే కడుపు కావాలి, దెబ్బ తగిలితే చిట్లే చర్మం కావాలి. అవతారమెత్తితే అవి దొరుకుతాయి. ఇంకొకటి కూడా కావాలి, అది దేవుడికి దొరకటం మరీ కష్టం. అదేమిటంటే, అజ్ఞానం. మన బాధలో సగం రేపేమవుతుందో తెలియకపోవటంలో ఉన్నది. కూలి దొరుకుతుందో లేదో, బిడ్డ బతుకుతుందో లేదో, జైల్లో పెట్టిన మొగుణ్ణి వదులుతారో లేదో. అన్నీ ముందే తెలిసినవాడికి ఈ భయం ఎలా తెలుస్తుంది? తెలియకపోవటమంటే ఏమిటో తెలియనివాడు సర్వజ్ఞుడు ఎలా అవుతాడు? ఇది తార్కికుల గారడీలా కనిపించవచ్చు గాని, ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నవాళ్లకు గారడీ కాదు.

బౌద్ధం దుఃఖాన్ని మూలసత్యంగా తీసుకున్నది, కాని అక్కడ జవాబు చెప్పవలసిన దేవుడు లేడు. దేవుణ్ణి ఉంచుకుని, ఆయన్ను ఈ ప్రశ్నకు ఎదురుగా నిలబెట్టవలసిన ఇబ్బందిలో పడిన మతం క్రైస్తవం. ఎందుకంటే దాని నడిబొడ్డున ఉన్న బొమ్మ, శిక్షపడి చంపబడుతున్న మనిషిది. ఆ మనిషే దేవుడని అది చెబుతుంది. కనుక ఈ ప్రశ్నను క్రైస్తవం లోపలినుంచే పరిశీలించటం న్యాయం. నేను ఇక్కడ ఆస్తికుల పక్షాన వకాల్తా పుచ్చుకోవటం లేదు. వాళ్ల దస్తావేజు వాళ్ల ముందే పెట్టి చదువుదామంటున్నాను.

ఆ దస్తావేజులో మొదట కనిపించేది యోబు గ్రంథం. ఆస్తి పోయి, ఏడుగురు కొడుకులూ ముగ్గురు కూతుళ్లూ చచ్చి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి మిత్రులు వస్తారు. ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నంతవరకు వాళ్లు బాగానే చేశారు. నోరు తెరచిన తరవాతనే చెడింది. నువ్వేదో పాపం చేసే ఉంటావు, దేవుడు అన్యాయం చెయ్యడు అని వాదిస్తారు. అంటే దేవుడి తరఫున వకీళ్లుగా నిలబడతారు. చివరికి దేవుడు సుడిగాలిలోనుంచి మాట్లాడి, తనను నిలదీసిన యోబునే మెచ్చుకుని, తనను సమర్థించిన మిత్రుల మీద కోపగించుకుంటాడు. మన ప్రార్థనా మందిరాల్లో ఈ ఘట్టాన్ని ఎందుకో త్వరగా దాటేస్తారు.

అయితే యోబు అడిగినదానికి మాత్రం సమాధానం రాదు. భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు అనే ధోరణిలో దేవుడు నక్షత్రాలను, సముద్రాన్ని, అడవి జంతువులను చూపిస్తాడు. అది బలం చూపటం, బాధ తెలియటం కాదు. తరవాత యోబుకు ఆస్తి రెట్టింపవుతుంది, మళ్లీ పదిమంది పిల్లలు పుడతారు. చచ్చిపోయిన పదిమంది సంగతి ఎవరూ ఎత్తరు. గొర్రెలు పోతే గొర్రెలతో సరిపుచ్చవచ్చు. బిడ్డలు పోతే వేరే బిడ్డలతో సరిపుచ్చవచ్చునని ఏ తల్లి ఒప్పుకుంటుంది? యోబు భార్యను అడిగితే ఇంకో గ్రంథం తయారయ్యేది.

కనుక క్రైస్తవం చెప్పే అసలు సమాధానానికి సిలువ దగ్గరికి వెళ్లాలి. వెళ్లేముందు ఆ సిలువకు చర్చి చుట్టిన బంగారు రేకును కొంచెం ఒలవాలి. సిలువ రోమనుల ఉరికంబం. దాన్ని ముఖ్యంగా బానిసలకూ, తిరుగుబాటుదార్లకూ కేటాయించారు. క్రీస్తుకు పూర్వం 71 లో స్పార్టకస్ తిరుగుబాటును అణచిన తరవాత కాపువా నుంచి రోమువరకు దారి పొడుగునా ఆరువేలమంది బానిసలను సిలువ వేశారు. గౌరవనీయుడైన రోము పౌరుడి ముందు ఆ మాట ఎత్తటమే అసభ్యం. నజరేతు వడ్రంగి అలాంటి చావు చచ్చాడు. రోగంతోనో పాముకాటుతోనో చావలేదు. అధికారులు విచారించి, తీర్పు చెప్పి, ఆజ్ఞ ఇచ్చి చంపించారు. ఆయన ఎరిగిన బాధ మనుషులు మనిషికి పెట్టిన బాధ. ఈ సంగతి మరిచిపోతే తక్కిన చర్చ అంతా దారి తప్పుతుంది.

ఆయన ఎరిగినది ఏమిటో సువార్తలు దాచలేదు. పట్టుబడటానికి ముందు గెత్సేమనే తోటలో నేలమీద పడి, వీలైతే ఈ గిన్నె తొలగిపోవాలని ప్రార్థిస్తాడు. ముందే అన్నీ తెలిసినవాడి ప్రార్థన కాదది. అంత్యదినం ఎప్పుడో తండ్రికి తప్ప కుమారుడికి కూడా తెలియదని మార్కు సువార్త మరొకచోట చెప్పనే చెప్పింది. సిలువమీద మార్కు, మత్తయి వినిపించే మాట ఒక్కటే: నన్నెందుకు వదిలేశావు అని దేవుణ్ణి అడగటం. ఆ మాటను అరమాయిక్ భాషలో ఉన్నది ఉన్నట్లుగా రాసి, తరవాత అర్థం చెప్పారు. విన్నవాళ్ల చెవుల్లో అది అలాగే ఉండిపోయింది కాబోలు. లూకా, యోహాను సువార్తల్లో ఈ కేక లేదు. అక్కడి ఆఖరి మాటలు శాంతంగా, గంభీరంగా ఉంటాయి. కీర్తనల గ్రంథంలో ఇరవై రెండో కీర్తన ఈ కేకతోనే మొదలై ఆశతో ముగుస్తుంది గనుక, యేసు మనసులో ఆ ముగింపే ఉన్నదని కొందరు వ్యాఖ్యాతలు సర్దిచెబుతారు. ప్రాణం పోతున్నవాడు కీర్తన సంఖ్యలు సూచిస్తున్నాడనటం పాఠ్యపుస్తకాల వాళ్లకే తోచే ఆలోచన. (నేనూ ఆ వృత్తిలోవాణ్ణే గనుక ఈ రోగం లక్షణాలు నాకు తెలుసు.) మతప్రచారానికి ఇబ్బంది కలిగించే ఈ మాటను మొదటి తరంవాళ్లు కొట్టివెయ్యకుండా నిలబెట్టుకున్నారు. దాన్ని నమ్మటానికి నాకు అదే పెద్ద కారణం.

సర్వజ్ఞుడికి దొరకదనుకున్న ఆ ఒక్క ఎరుక ఇక్కడ దొరికింది. దేవుడు తనను విడిచిపెట్టాడనుకునే మనిషి స్థితి ఏమిటో, దేవుడే విడువబడి తెలుసుకున్నాడు. ఈ మాటలో వైరుధ్యం ఉన్నదంటే ఉన్నది. కాని క్రైస్తవం దగ్గర ఈ ప్రశ్నకు ఇంతకంటె గట్టి జవాబు లేదు. ఈ జవాబును వదులుకుంటే దాని దేవుడు యోబు మీద గర్జించిన దేవుడిగానే మిగిలిపోతాడు.

చిత్రమేమిటంటే చర్చి చాలా శతాబ్దాలు ఈ జవాబును చూసి భయపడింది. గ్రీకు తత్వవేత్తల దేవుడు నిర్వికారుడు, దేనికీ చలించడు. సంఘపితరులు చాలామంది ఆ దేవుణ్ణే నెత్తిన పెట్టుకున్నారు. తండ్రి కూడా సిలువమీద బాధపడ్డాడన్నవారిని మూడో శతాబ్దంలోనే మతభ్రష్టులన్నారు. 451 లో కాల్సెడాన్ సభ క్రీస్తులో రెండు స్వభావాలు విడిపోకుండా, కలిసిపోకుండా ఉన్నాయని నిర్ణయించింది. ఆ తరవాత సంప్రదాయ వ్యాఖ్యాతలు బాధను మానవ స్వభావం వాటాకూ, నిర్వికారత్వాన్ని దైవస్వభావం వాటాకూ పంచారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్లుంటుంది ఈ పంపకం. వాళ్ల భయానికి కూడా కారణం లేకపోలేదు: మునిగిపోయేవాణ్ణి తీయటానికి దిగినవాడు తానూ మునిగితే ఇద్దరికీ దిక్కెవరు? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసివేయలేము.

ఆ పంపకాన్ని బద్దలు కొట్టింది పండితులు కారు, ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాలు. హిట్లరును ఎదిరించి జైల్లో పడిన బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టరు 1944 లో తన ఉత్తరాల్లో, మనకు సాయపడగలవాడు బలహీనుడైన, బాధపడే దేవుడేనని రాశాడు. 1945 ఏప్రిల్ 9 న ఆయన్ను ఉరితీశారు. జపానులో కితామోరి 1946 లో దేవుడి నొప్పినే మూలసూత్రంగా తీసుకుని గ్రంథం రాశాడు. 1943 లో హాంబర్గు మీద బాంబులు కురిసినప్పుడు పక్కనున్న మిత్రుడు చచ్చిపోగా తాను బతికిన కుర్రవాడు మోల్ట్‌మన్, యుద్ధఖైదీగా మార్కు సువార్త చదివి, ఆ కేక దగ్గర ఆగిపోయాడు. ఆయన గ్రంథం 'సిలువ వేయబడిన దేవుడు' 1972 లో వచ్చింది. ముగ్గురూ ఓడిపోయిన దేశాలవాళ్లే కావటం గమనించాలి. గెలిచిన దేశాల దేవుడు నిర్వికారంగా ఉన్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

కాని ఐరోపా పండితులకంటె చాలా ముందే మన తెలుగునేలమీద అక్షరం రానివాళ్లు ఈ కథ విన్నారు. 1876-78 కరువు మద్రాసు రాజధానిని ఊడ్చిపెట్టింది. మొత్తం చచ్చినవాళ్లు తక్కువ లెక్క వేసినా యాభై లక్షలకు మించుతారు. ఆ కరువు ఏళ్లలోనే ఈ దేశంనుంచి ఇంగ్లండుకు గోధుమ ఎగుమతి అయింది. కరువు పనిలో రోజంతా మట్టి మోసిన మగవాడికి పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కూలీల్లో చాలామంది మాదిగలు. కరువుపని సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. పని ముగిసిన తరవాత, 1878 జూలై 3 న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు.

ఎందుకు వచ్చారు వాళ్లు? పరిశుద్ధాత్మ ప్రేరణ అని మిషనరీలు, గంజికోసమని తక్కినవారు. ఇద్దరూ ఆ మనుషులను అడిగి చెప్పినది కాదు. గంజి పోసే పని ముగిసిన తరవాత వచ్చారు గనుక ఆ రెండో సమాధానం అంతగా అతకదు. కూలి ఇప్పించినవాడి మీద కృతజ్ఞత, దొరల నీడన కరణం మునసబుల పీడ తగ్గుతుందన్న ఆశ, ఒక పల్లె వెళితే పక్కపల్లె వెళ్లటం, అన్నీ ఉండి ఉంటాయి. దానికి తోడు నాకు ఇంకొకటి తోస్తుంది. యేసును పట్టణం గవిని వెలుపల చంపారని హెబ్రీయులకు రాసిన పత్రిక ప్రత్యేకించి చెబుతుంది. ఊరి వెలుపల ఉండేవాళ్లకు, ఊళ్లోని గుడి మెట్టు తొక్కే హక్కు లేనివాళ్లకు, ఊరి వెలుపల చంపబడిన దేవుడు అనే మాట ఎలా వినిపించి ఉంటుంది? అది వ్యాఖ్యానం అక్కర్లేని మాట. ఆ దేవుడికి తమ బాధ చెప్పుకోనక్కర్లేదు, వాడ ఎక్కడున్నదో ఆయనకు తెలుసు.

ఈ నేపథ్యంలో జాషువాను చదవాలి. వినుకొండలో 1895 లో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఈ కవి 1941 లో 'గబ్బిలం' రాశాడు. తంజావూరు ప్రాంతపు అరుంధతీయుడొకడు తన దుఃఖాన్ని గబ్బిలం చేత శివుడికి చెప్పి పంపుతాడు. మనిషికి గుళ్లోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉన్నది. పూజారి లేని సమయం చూసి దేవుడి చెవిన వెయ్యమంటాడు. కాళిదాసు యక్షుడి మేఘం పోయిన దారినే ఇదీ పోతుంది గనుక, మనవాళ్లు దీన్ని సందేశకావ్యాల వరసలో చేర్చి, పేరడీ చమత్కారాన్ని మెచ్చుకుని ఊరుకుంటారు. కాని సందేశం ఎవరికి పంపుతారు? సంగతి తెలియనివాడికి. యక్షుడి భార్యకు యక్షుడి స్థితి తెలియదు గనుక మేఘం అవసరమైంది. అరుంధతీయుడి స్థితి సర్వజ్ఞుడైన శివుడికి తెలియదు గనుక గబ్బిలం అవసరమైంది! కావ్యప్రక్రియను ఎన్నుకోవటంలోనే దేవుడిమీద అభియోగం పూర్తయింది. ఒక్క తిట్టు లేకుండా, భక్తుడి వినయంతోనే, దేవుడికి తెలియదు, ఎవరైనా వెళ్లి చెప్పాలి అని కవి అన్నాడు. తరగతిలో ఈ కావ్యం చెప్పేటప్పుడు, శివుడు ఏమని బదులిచ్చాడని విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. సందేశకావ్యంలో జవాబు రాదు.

అదే కవి 'క్రీస్తు చరిత్ర' రాశాడు. దానికి 1964 లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన అభ్యుదయ విమర్శకులు 'గబ్బిలా'న్ని నెత్తిన పెట్టుకుని, 'క్రీస్తు చరిత్ర' దగ్గరికి వచ్చేసరికి కవికి వయసు మళ్లి భక్తి పుట్టిందన్నట్లు ముఖం పక్కకు తిప్పుకుంటారు. క్రైస్తవ పాఠకులు దీనికి తలకిందులుగా చేస్తారు. రెండూ ఒకే ప్రశ్నకు రెండు కొసలని నా వాదం. ఒక కావ్యంలో దేవుడు గుడిలో ఉంటాడు, బాధ బయట ఉంటుంది, మధ్య ఒక పక్షి తిరుగుతుంది. రెండోదానిలో దేవుడే బయటికి వచ్చి దెబ్బలు తింటాడు. చెప్పిపంపవలసిన పని లేదు. ఇంత చెప్పినా, కావ్యంగా 'గబ్బిల'మే మిన్న అని ఒప్పుకోక తప్పదు. వచ్చేసిన దేవుడితో కవికి దెబ్బలాట తక్కువ. రాని దేవుడితోనే గొడవ ఎక్కువ, కవిత్వమూ ఎక్కువ.

అయితే వచ్చిన దేవుడి పేరుమీద జరిగినదేమిటి? దేవుడికి నీ బాధ తెలుసు అనే మాట, ఎవరు ఎవరితో అంటున్నారన్నదాన్ని బట్టి మందు అవుతుంది, మత్తు అవుతుంది. మతాన్ని మత్తుమందన్న మార్క్సు వాక్యాన్ని మనం వేయిసార్లు చెప్పుకున్నాం. 1844 లో అచ్చయిన ఆ వ్యాసంలోనే, మతంలోని బాధ వాస్తవమైన బాధకు వ్యక్తీకరణ, దానిమీద నిరసన కూడా అని రాశాడన్న సంగతి మాత్రం అంత తరచుగా చెప్పుకోము. ఆ నిరసన భాగాన్ని చర్చి కూడా మరుగుపరచింది. సిలువ వేసినవాళ్లెవరన్న ప్రశ్న తీసివేసి, సిలువ మోయటం ఎంత పుణ్యమో బోధించింది. సిలువను దాని కారణంనుంచి విడదీస్తే అది ఓర్పు నేర్పే బెత్తం అవుతుంది. తిరుచిరాపల్లిలో ఒక క్రైస్తవ శ్మశానంలో కులాలను వేరుచేస్తూ గోడ కట్టారు. ఊరి వెలుపల చచ్చిన దేవుణ్ణి కొలుస్తూ, చచ్చినవాళ్లలో కూడా వెలుపలివాళ్లను తయారుచేశారన్నమాట. ప్రభుత్వం మరో రకంగా ముడివేసింది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956 లో సిక్కులను, 1990 లో బౌద్ధులను చేర్చారు. ఆ సవరణల్లో క్రైస్తవుల పేరు లేదు. మతం మారినవాడికి ఊళ్లో కులం మిగిలింది, కాగితంమీద పోయింది.

1991 ఆగస్టు 6 న, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను అగ్రకులాలవాళ్లు వెంటాడి చంపారు. కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేశారు. ఆ పల్లెలో చాలామంది క్రైస్తవులు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ ముందు నిలబడి, అమ్మా, దేవుడికి నీ బాధ తెలుసు అని ఎవరైనా అంటే ఆ మాట బరువెంత? అన్నవాడు తరవాత ఏంచేస్తాడన్నదానిమీద ఆధారపడుతుంది. సాక్ష్యం చెప్పటానికి ఆమెతో కోర్టుకు వస్తాడా? పదహారేళ్లు తిరుగుతాడా? 2007 లో ప్రత్యేక న్యాయస్థానం ఇరవై ఒక్కమందికి యావజ్జీవశిక్ష వేసింది. 2014 లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. దేవుడికి తెలిసినది న్యాయస్థానానికి తెలియవలసి వచ్చినప్పుడు మనుషుల నోళ్లే కావాలి.

మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలో ఒక తీర్పు ఘట్టం ఉన్నది. ఆకలిగొన్నవాడు, బట్టలేనివాడు, రోగి, ఖైదీ, వీళ్లకు చేసినది నాకు చేసినట్లే, చెయ్యనిది నాకు చెయ్యనట్లే అని రాజు అంటాడు. ఇక్కడ ప్రశ్న తిరగబడిందని చాలామంది గమనించరు. దేవుడు మన బాధ తెలిసినవాడుగా పైన లేడు. బాధపడుతూ కిందనే ఉండి, మనకు తెలుస్తుందో లేదో చూస్తున్నాడు. అంతకంటె చిత్రం, నిన్నెప్పుడు చూశామని రెండు పక్షాలవాళ్లూ ఒకేలా అడుగుతారు. అన్నం పెట్టినవాళ్లకు కూడా ఎదుటనున్నది దేవుడని తెలియదు. కనుక ఈ కథ ప్రకారం గంజికేంద్రం నడిపిన నాస్తికుడికి ఏ అభ్యంతరమూ లేదు. ప్రార్థన చేసి గంజి ఆపినవాడికే చిక్కు. అప్పుడు మునిగిపోయేవాణ్ణి ఎవరు తీస్తారన్న సంఘపితరుల ప్రశ్న కూడా గట్టుమీద నిలబడ్డవాళ్ల వంక తిరుగుతుంది.

చుండూరు దళితులు తమ మృతులను పల్లె అంచున పాతిపెట్టలేదు. ఊరి నడుమ, నలుగురూ నడిచే చోట పాతిపెట్టారు. ఆ స్థలానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు.